అడుగులు, టీఎంసీలు, మా ఊరి బోరు నీళ్లు: ఫ్రీ ఎనర్జీ అసలు కథ

ఈ ఎపిసోడ్ థర్మోడైనమిక్స్ మీద. ఆ పేరు వినగానే బీటెక్ చదివినోళ్లకి సప్లీ గుర్తొస్తుంది, నాకు కూడా వస్తుంది. అయినా కొంచెం ఓపిక పట్టండి, ఈసారి పుస్తకం నుంచి కాకుండా టీవీ వార్తల నుంచి మొదలుపెడతాను.

వానాకాలంలో కృష్ణకి వరద వచ్చిందంటే మన దగ్గర ప్రతి చానల్లో ఒకటే స్క్రోలింగ్. నాగార్జున సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, నిల్వ సామర్థ్యం 312 టీఎంసీలు. శ్రీశైలం అయితే 885 అడుగులు, 215 టీఎంసీల చిల్లర. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఈ నంబర్లు ముసలోళ్లకి కూడా నోటికి వస్తాయి. ఇప్పుడు నా ప్రశ్న. ఒకే డ్యాము గురించి రెండు నంబర్లు ఎందుకు చెప్తారు? ఒకటి చెప్తే సరిపోదా?

సరిపోదు. ఎందుకంటే అవి రెండు వేర్వేరు జాతుల నంబర్లు. సాగర్ పక్కనే అచ్చు అలాంటిదే ఇంకో సాగర్ కట్టి, అంతే నింపామనుకోండి. రెండు కలిపితే ఎన్ని టీఎంసీలు? 624. ఎన్ని అడుగులు? 1180 కాదు, 590 మాత్రమే. టీఎంసీలు కూడుకుంటాయి, అడుగులు కూడుకోవు. సరుకు ఎంత ఉందో చెప్పేది మొదటి జాతి, దాన్ని మన ఇంటర్ పుస్తకాల్లో విస్తార ధర్మం అన్నారు. స్థాయి ఎంత ఉందో చెప్పేది రెండో జాతి, గహన ధర్మం. బరువు, ఘనపరిమాణం, మొత్తం శక్తి విస్తార ధర్మాలు. ఉష్ణోగ్రత, పీడనం, సాంద్రత, గాఢత గహన ధర్మాలు. ఇంగ్లిష్‌లో ఎక్స్‌టెన్సివ్, ఇంటెన్సివ్ అనే ఈ విభజనని 1917లో రిచర్డ్ టోల్మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పెట్టాడు.

ఇక్కడ చాలామంది తికమక పడతారు. "అన్నా, డ్యాములో నీళ్లు ఇంకా పోస్తే లెవెల్ పెరుగుతది కదా, మరి కూడుకున్నట్టే కదా?" అని అడుగుతారు. మంచి ప్రశ్నే. కానీ పరీక్ష అది కాదు. ఉన్నదాంట్లో ఇంకా పోయడం వేరు, ఉన్నదానికి నకలు తెచ్చి పక్కన పెట్టడం వేరు. నకలు పక్కన పెట్టినప్పుడు ఏది రెట్టింపవుతుందో అది విస్తార ధర్మం, ఏది కదలకుండా ఉంటుందో అది గహన ధర్మం. రెండు గ్లాసుల చాయ్ కలిపితే చాయ్ రెట్టింపవుతుంది, వేడి రెట్టింపు కాదు. అయితే ఇద్దరూ కాలకుండా తాగగలిగేవాళ్లు కాదు కదా!

ఇంకొక్క మాట చెప్పి అసలు సంగతికి వెళ్దాం. శక్తి ఎప్పుడూ ఈ రెండు జాతుల గుణకారంగానే వస్తుంది. సాగర్‌లో కరెంటు తీయాలంటే నీళ్లు ఎన్ని ఉన్నాయి అన్నదాన్ని, ఎంత ఎత్తు నుంచి పడుతున్నాయి అన్నదానితో గుణించాలి. పీడనం ఇంటూ ఘనపరిమాణం. ఉష్ణోగ్రత ఇంటూ ఎంట్రోపీ. వోల్టేజీ ఇంటూ ఛార్జి. ప్రతి జంటలో ఒకటి స్థాయి, ఒకటి సరుకు. సరుకు ఎంత ఉన్నా సరే, అది ఎటు కదలాలో చెప్పేది మాత్రం స్థాయి. పెద్ద చెరువు నుంచి చిన్న కుంటకి నీళ్లు పోతాయని రూలు లేదు, ఎత్తు నుంచి పల్లానికి పోతాయి. కుంట ఎత్తులో ఉంటే కుంట నుంచే చెరువుకి పోతాయి.

ఇప్పుడు మా ఊరికి వద్దాం. మాది నల్లగొండ జిల్లా, మునుగోడు వైపు. నా పాత ఎపిసోడ్లు చూసినవాళ్లు ఒకటి గమనించి ఉంటారు, మొదటి ఇరవై ముప్పై వీడియోల్లో నేను ఎక్కడా నవ్వను. సీరియస్ మనిషి అనుకున్నారేమో. కాదు. నావి గార పళ్లు. పసుపు, గోధుమ రంగు మచ్చలు, అడ్డంగా చారలు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన వారంలోనే ఒక కొలీగ్ "గుట్కా మానేయ్ బ్రో" అని సలహా ఇచ్చాడు. నేను జీవితంలో గుట్కా ముట్టలేదు. మా ఊరి బోరింగు నీళ్లు తాగాను, అంతే. పళ్ల పైపొర తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ల లోపు, ఫ్లోరైడ్ ఎక్కువగా ఒంట్లోకి పోతే ఆ మచ్చలు పడతాయి. పన్ను వచ్చాక ఎంత తోమినా పోవు.

పళ్లతో ఆగితే అదృష్టం. మా నానమ్మ నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మెడ తిప్పి చూడలేదు. పిలిస్తే మనిషి మొత్తం తిరిగేది. నడుము వంగిపోయింది. అలాంటి వాళ్లు మా దగ్గర ప్రతి వాడలో ఉండేవాళ్లు. ఈ బాధ మన తెలుగు నేల మీద శాస్త్రవేత్తల కళ్ల పడి చాలా కాలమైంది. 1937లోనే షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి పరిశోధన పత్రం రాశారు. నల్లగొండ పేరు దేశమంతా మోగింది మాత్రం 1996 లోక్‌సభ ఎన్నికల్లో. మంచినీళ్లు, సాగునీళ్లు కావాలని నిరసనగా జనం వందల కొద్దీ నామినేషన్లు వేశారు. ఒక్క సీటుకి 480 మంది అభ్యర్థులు! బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయ్యింది, పోలింగే వాయిదా పడింది. దీని వెనక దుశ్చర్ల సత్యనారాయణ గారి జల సాధన సమితి ఉంది.

సరే, మరి ఈ ఫ్లోరైడ్ నీళ్లలోకి ఎట్లా వస్తోంది? ఏ ఫ్యాక్టరీ కలపలేదు. మా కింద ఉన్నది గ్రానైట్. అందులో ఫ్లోరైట్, అపటైట్, నల్ల అభ్రకం లాంటి ఖనిజాలు ఉంటాయి, వాటిలో ఫ్లోరిన్ ఉంటుంది. వాన నీళ్లు రాతి పగుళ్లలోకి దిగి, అక్కడే ఏళ్ల తరబడి నిలుస్తాయి. రాయి మెల్లగా కరుగుతుంది. మరి రాయి ఎందుకు కరగాలి? ఎంత కరిగి ఆగాలి? ఈ ప్రశ్నకి జవాబు చెప్పేదే ఫ్రీ ఎనర్జీ.

ఫ్రీ అనగానే ఉచితం అనుకోకండి. మన రాష్ట్రంలో బోరు మోటార్లకి ఫ్రీ కరెంటు ఉంది కాబట్టి అలా అనుకోవడం సహజమే. అయస్కాంతాలు గిర్రున తిరుగుతూ బల్బు వెలిగించే వీడియోలు కూడా ఫ్రీ ఎనర్జీ అని తిరుగుతుంటాయి. అవి మోసం, బల్ల కింద బ్యాటరీ ఉంటుంది. థర్మోడైనమిక్స్‌లో ఫ్రీ అంటే 'పనికి దొరికేది' అని అర్థం. వస్తువులో ఉన్న శక్తి మొత్తం మన చేతికి రాదు. కొంత భాగం ఎంట్రోపీ కింద కట్టేయబడి ఉంటుంది, అది పోగా మిగిలిందే స్వేచ్ఛాశక్తి. ఎంథాల్పీలోంచి, ఉష్ణోగ్రత ఇంటూ ఎంట్రోపీ తీసేస్తే వచ్చేది. జీతంలో కటింగులు పోను చేతికొచ్చేది అనుకోండి. 1870ల్లో అమెరికాలో విల్లార్డ్ గిబ్స్ దీన్ని కట్టుదిట్టంగా రాసిపెట్టాడు. ఉష్ణోగ్రత, పీడనం మారకుండా ఉన్నచోట ఏ మార్పు అయినా తనంతట తాను జరిగేది ఈ స్వేచ్ఛాశక్తి తగ్గే దిశలోనే.

గిబ్స్ స్వేచ్ఛాశక్తి విస్తార ధర్మం. రాయి రెట్టింపు, నీళ్లు రెట్టింపు చేస్తే అదీ రెట్టింపు. కానీ ఎటు కదలాలో చెప్పేది స్థాయి అని ఇందాక అనుకున్నాం కదా? అందుకని గిబ్స్ దాన్ని పదార్థం మొత్తంతో భాగించినట్టు ఒక స్థాయిని తీశాడు. దాని పేరు కెమికల్ పొటెన్షియల్, మన పుస్తకాల్లో రసాయన శక్మం. డ్యాముకి అడుగులు ఎట్లాగో, ఫ్లోరైడ్‌కి ఇది అట్లా. రాతిలో ఈ మట్టం ఎక్కువగా ఉండి, నీళ్లలో తక్కువగా ఉంటే రాయి కరుగుతుంది. నీళ్లలో ఫ్లోరైడ్ గాఢత పెరిగే కొద్దీ నీటివైపు మట్టం పెరుగుతుంది, అది కూడా గాఢతకి లాగరిథమ్ లెక్కన. రెండూ సమానమైన రోజు కరగడం ఆగుతుంది.

లెక్క వేసి చూద్దాం. కాల్షియం ఫ్లోరైడ్, అంటే ఫ్లోరైట్ రాయి, 25 డిగ్రీల దగ్గర స్వచ్ఛమైన నీళ్లలో లీటరుకి దాదాపు 16 మిల్లీగ్రాములు కరిగి ఆగిపోతుంది. అందులో ఫ్లోరైడ్ వాటా 8 మిల్లీగ్రాములకి కొంచెం తక్కువ. గమనించండి, ఇది గ్లాసుడు నీళ్లకైనా అంతే, బావినిండా నీళ్లకైనా అంతే. కరిగిన రాయి మొత్తం మారుతుంది, ఆగే మట్టం మారదు. "ఇంత పెద్ద బోరు, ఇన్ని ఇంచుల నీళ్లు, విషం పలచబడదా?" అని మా ఊర్లో అనేవాళ్లు. పలచబడదు. ఎక్కువ నీళ్లుంటే ఎక్కువ రాయి కరుగుతుంది, అంతే.

కానీ మట్టాన్ని మార్చే వస్తువు ఒకటి ఉంది, కాల్షియం. నీళ్లలో ముందే లీటరుకి 40 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే ఫ్లోరైడ్ సుమారు మూడున్నర దగ్గరే ఆగిపోతుంది. కాల్షియం 4 మిల్లీగ్రాములకి పడిపోతే ఫ్లోరైడ్ 11 దాకా ఎక్కగలదు. ఇది కాగితం లెక్క. నిజం బోరులో ఇంకా ఉప్పులుంటాయి, నంబర్లు కొంత జరుగుతాయి, దిశ మాత్రం ఇదే. ఇప్పుడు మా నేల సంగతి చూడండి. ఎండ ఎక్కువ, వాన తక్కువ, నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువ. ఆ బైకార్బొనేట్ కాల్షియంని పట్టుకుని సున్నపు గడ్డలుగా కింద పడేస్తుంది. చేలల్లో తవ్వితే తెల్లగా గుళ్లలాగా వచ్చేది అదే. కాల్షియం ఇలా నీళ్లలోంచి పోతుంది, దాంతో ఫ్లోరైడ్‌కి దారి ఇంకా తెరుచుకుంటుంది. అందుకే నోటికి మెత్తగా, సబ్బు బాగా నురగొచ్చే నీళ్లు మా దగ్గర చాలాసార్లు ప్రమాదకరమైనవి. "ఆ బోరు నీళ్లు తియ్యగుంటయి" అని దూరం నుంచి మోసుకొచ్చేవాళ్లు పాపం.

ఇక మా ఇంట్లో జరిగిన తప్పు చెప్తాను. నేను చిన్నప్పుడు ఊరికి వచ్చే ఒక డాక్టరు నీళ్లు మరిగించి తాగమన్నాడు. నానమ్మ రోజూ పొద్దున్నే కట్టెల పొయ్యి మీద పెద్ద గిన్నెడు నీళ్లు మసలబెట్టేది. "కాగబెట్టిన నీళ్లే తాగు బిడ్డా, ఏం గాదు" అనేది. క్రిములకైతే అది సరైన మందే. ఫ్లోరైడ్‌కి కాదు. పది లీటర్ల నీళ్లు, లీటరుకి 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ అనుకోండి. మొత్తం 30 మిల్లీగ్రాములు. మరిగించాక రెండు లీటర్లు ఆవిరైపోయి ఎనిమిది మిగిలాయి. ఫ్లోరైడ్ ఆవిరి కాదు, ఆ 30 గిన్నెలోనే ఉంది. 30ని 8తో భాగిస్తే 3.75. అంత పొగలో కళ్లు మండించుకుని, ఆమె ప్రేమగా నాకు ఇచ్చింది ఇంకాస్త చిక్కటి ఫ్లోరైడ్. ఈ లెక్క నాకు బీటెక్‌లో మెటీరియల్ బ్యాలెన్స్ చదివేటప్పుడు తట్టింది. అప్పటికి నానమ్మ లేదు. ఉంటే చెప్పేవాడినా అంటే, చెప్పేవాడిని కాదేమో.

తీసేసే పద్ధతులు లేవా అంటే ఉన్నాయి. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో తయారు చేసిన పద్ధతి పేరే నల్లగొండ టెక్నిక్. ఇంజనీరింగ్ పుస్తకాల్లో మా జిల్లా పేరు అట్లా ఎక్కింది, సంతోషపడాలో లేదో తెలియదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో కలిపి మొదట గట్టిగా, తర్వాత మెల్లగా తిప్పుతారు. పటికలోని అల్యూమినియం దూదిపింజల్లాంటి ముద్దలు కడుతుంది, ఫ్లోరైడ్ వాటికి అంటుకుని అడుగుకి దిగుతుంది, పైన తేటని వడగట్టుకోవాలి. ఇక్కడ ఆడుతున్నది కూడా ఆ మట్టాల ఆటే, నీళ్లలో కంటే ఆ ముద్ద మీద ఫ్లోరైడ్‌కి మట్టం తక్కువ కాబట్టి అటు పోతుంది. బాధ ఏంటంటే పటిక పాళ్లు ప్రతి బోరుకీ వేరుగా ఉంటాయి, రోజూ ఎవరో ఒకరు శ్రద్ధగా చేయాలి, అడుగున దిగిన బురద ఎక్కడ పోయాలో తెలియాలి.

ఆర్వో ప్లాంటు ఇంకో దారి. ఇరవై లీటర్ల క్యాన్లు ఇప్పుడు ప్రతి ఊర్లో ఉన్నాయి. ఇక్కడ సరుకు లెక్క ఒకటి మర్చిపోతాం. లీటరుకి 3 మిల్లీగ్రాములున్న వెయ్యి లీటర్ల నీళ్లు ప్లాంటులోకి పోయాయి, మొత్తం 3000 మిల్లీగ్రాములు. అందులో సగం, 500 లీటర్లు, లీటరుకి 0.2తో మంచి నీళ్లుగా వచ్చాయనుకుందాం. వాటిలో ఉన్నది 100 మాత్రమే. మిగతా 2900 ఎక్కడికి పోయింది? పైపులోంచి బయటికి పోతున్న ఆ రెండో 500 లీటర్లలో ఉంది, లీటరుకి 5.8 చొప్పున. ఆ పైపు చాలాచోట్ల పక్కనున్న కాలువలోకే పోతుంది, అక్కడి నుంచి నేలలోకి. ఫ్లోరైడ్ మాయం కాదండి, చోటు మారుతుంది. నీళ్లలోంచి దాన్ని విడదీయడానికి పని పెట్టాలి, ఆ పనికి కనీస ధర స్వేచ్ఛాశక్తి తేడా. నిజం మోటారు దానికంటే ఎన్నో రెట్లు తింటుంది, తేడా అంతా వేడిగా పోతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం. తాగునీళ్లలో ఫ్లోరైడ్ పరిమితి ఎంత? ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు అంటుంది. మన భారత ప్రమాణం ఉండాల్సింది 1, వేరే దిక్కు లేకపోతే 1.5 అంటుంది. ఇవి రెండూ స్థాయి నంబర్లు, అంటే గహన ధర్మాలు. కానీ ఎముక స్థాయిని చూడదు. ఎముక లెక్కపెట్టేది సరుకుని, ఎన్ని మిల్లీగ్రాములు వచ్చాయి అని. పెద్దవాళ్లలో లోపలికి పోయిన ఫ్లోరైడ్‌లో దాదాపు సగం ఎముకల్లో ఉండిపోతుంది, పిల్లల్లో ఇంకా ఎక్కువ. ఏళ్ల తరబడి కూడుకుంటూ పోతుంది. అమెరికాలో 1997లో వేసిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకి రోజుకి 10 మిల్లీగ్రాములు, నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకి 2.2 మిల్లీగ్రాములు పైహద్దు.

స్థాయికీ సరుకుకీ మధ్య ఉన్న లంకె ఏది? ఎన్ని లీటర్లు తాగారు అన్నది. ఏసీ గదిలో కూర్చుని నేను రెండు లీటర్లు తాగుతాను. మే నెలలో పాలమూరు కూలీ మట్టి పని చేస్తూ ఆరు లీటర్లు తాగుతాడు. ఇద్దరి నీళ్లలోనూ 1.5 ఉందనుకోండి, ఇద్దరివీ పరిమితి లోపలే. నా ఒంట్లోకి 3 మిల్లీగ్రాములు, అతని ఒంట్లోకి 9. పైగా చాయ్, చాయపత్తిలో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది. ఇది నేను కనిపెట్టిన గొప్ప విషయమేం కాదు. 1962లో అమెరికా పబ్లిక్ హెల్త్ సర్వీస్ తాగునీళ్లలో ఎంత ఫ్లోరైడ్ ఉండాలో ఊరి ఉష్ణోగ్రతని బట్టి పెట్టింది, చలి ప్రాంతాలకి 1.2, వేడి ప్రాంతాలకి 0.7. వేడిలో మనిషి ఎక్కువ తాగుతాడని వాళ్లకి అప్పుడే తెలుసు. మరి మన ఎండకి 1.5 అనే నంబరు, వేరే దిక్కు లేకపోతేనే అన్నా సరే, నాకు ఎక్కువే అనిపిస్తుంది.

2015లో మిషన్ భగీరథ పైలాన్ మా వైపే, చౌటుప్పల్‌లో వేశారు. ఇప్పుడు మా ఇంట్లో నల్లా తిప్పితే కృష్ణా నీళ్లు వస్తాయి. మా చిన్నాన్న కూతురు ఎనిమిదేళ్ల పిల్ల, దాని పళ్లు పాలలాగా తెల్లగా ఉంటాయి, చూస్తే నాకు కొంచెం అసూయ కూడా. సమస్య అయిపోయింది అనుకున్నాను.

పోయిన ఎండాకాలం ఊరికి వెళ్లినప్పుడు టెస్టింగ్ కిట్టు తీసుకెళ్లాను. నల్లా నీళ్లు చూశాను, 0.4 వచ్చింది. ఊరికే చేను దగ్గరి బోరు నీళ్లు కూడా చూశాను, 2.8. "ఇవి పంటకే కదమ్మా?" అన్నాను. "పంటకేంది, ఆడికి పోతే మేం గూడ అవే తాగుతం గద" అంది అమ్మ. పొద్దున ఆరింటికి పోతే సాయంత్రం ఆరింటికే ఇంటికి రావడం. నల్లా ఉన్నది ఇంట్లో, దాహం వేసేది చేను దగ్గర.

అక్కడే కూర్చుని సెల్‌ఫోన్లో లెక్క వేశాను. ఇంటి దగ్గర రెండు లీటర్లు, 0.4 చొప్పున 0.8 మిల్లీగ్రాములు. చేను దగ్గర నాలుగు లీటర్లు, 2.8 చొప్పున 11.2. మొత్తం 12. సర్కారు కాగితం మీద మా ఊరి నీళ్లు 0.4, అది నిజం కూడా. అమ్మ ఒంట్లోకి పోతున్నది రోజుకి 12 మిల్లీగ్రాములు, అదీ నిజమే.

అమ్మకి రసాయన శక్మం గురించి చెప్పలేదు. ఐదు లీటర్ల క్యాను ఒకటి కొనిచ్చాను, నల్లా నీళ్లు పట్టుకుని పొమ్మని. "బరువైతది రా" అని గొణిగింది. తీసుకుపోతోందా లేదా అని వారానికోసారి ఫోన్‌లో అడుగుతున్నాను. మీ ఇళ్లల్లో చేను పనికి పోయేవాళ్లుంటే వాళ్లు అక్కడ ఏ నీళ్లు తాగుతున్నారో ఈ రోజే ఒకసారి అడగండి. వచ్చే ఎపిసోడ్ ఎంట్రోపీ మీద, ఈరోజు దాన్ని ఒక్క ముక్కలో దాటేశాను. ఉంటానండి, నమస్తే.